‘ఆర్డ్యువస్’ అనే ఇంగ్లీషు విశేషణానికి ‘కష్టమైన’ అన్న మాట ఒక్కటే సరిపోతుందా?

చిత్తుప్రతి:

సభ్యులందరికీ నమస్కారం. సర్వే శాఖలో చాలాకాలం పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన, 1960ల్లో పాడేరు వైపు కొండల్లో తాను చేసిన పని గురించి ఇంగ్లీషులో కొన్ని జ్ఞాపకాలు రాసుకున్నారు. ఇంగ్లీషు రాని బంధువులు చదువుకోవడానికి వీలుగా వాటిని నేను తెలుగులోకి తెస్తున్నాను. ఆయన వచనం పొడిగా, లెక్కగా, ఒక్క మాట కూడా ఎక్కువ లేకుండా ఉంటుంది. ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ‘ఆర్డ్యువస్’ అనే విశేషణాన్ని ఆయన ఐదు చోట్ల వాడారు. ఐదు చోట్లా నేను ‘కష్టమైన’ అని రాసి ముందుకు వెళ్ళిపోయాను. మొత్తం పూర్తయ్యాక ఒక్క బిగిని చదివితే, ప్రయాణమూ కష్టమైనదే, కొండా కష్టమైనదే, కాగితాల పనీ కష్టమైనదే అన్నట్టు తయారై, ఉప్పు వేయడం మరిచిపోయిన చారులా అనిపించింది.

ఆ ఐదు సందర్భాలూ ఇవి. రైలు దిగి, ఎడ్లబండి మీద కొంత, కాలినడకన కొంత, రెండు రోజులు సాగిన ‘ఆర్డ్యువస్ జర్నీ’. థియొడొలైట్ (సర్వేలో కోణాలు కొలిచే పరికరం) పెట్టెతో సహా కొండ ఎక్కిన ‘ఆర్డ్యువస్ క్లైంబ్’. పగలు కొలిచిన కొలతలన్నిటినీ రాత్రి లాంతరు ముందు కూర్చుని సరిచూసే ‘ఆర్డ్యువస్ టాస్క్’. పదవీ విరమణ తరువాత పింఛను మంజూరు కావడానికి పట్టిన ‘ఆర్డ్యువస్ ప్రాసెస్’. చివరిది, ఆయన కొండల్లో ఉన్నప్పుడు భార్య ఒక్కరే ముగ్గురు పిల్లలను పెంచిన ‘ఆర్డ్యువస్ ఇయర్స్’. ఈ మాటకు అసలు అర్థం ఏమిటి, దీనికి ‘డిఫికల్ట్’తో తేడా ఎక్కడ ఉంది, తెలుగులో ఏ మాట దగ్గరగా వస్తుంది అన్నది తెలిసినవారు వివరించగలరు.

నిఘంటుప్రియ:

చిత్తుప్రతి గారూ, మీ అనుమానం సరైనదే. ‘డిఫికల్ట్’ అన్నది సులువు కానిదానికల్లా చెల్లే మాట. ‘ఆర్డ్యువస్’ అంత విశాలమైనది కాదు. దాని లోపల రెండు సంగతులు విడదీయరాకుండా ఉంటాయి. ఆ పనికి ఒంటి శ్రమో మనసు శ్రమో ధారపోయాలి, ఆ ధారపోయడం చాలాసేపు సాగాలి. ఒక్క క్షణంలో తేలిపోయే కష్టాన్ని ఆ మాటతో చెప్పరు.

ఒక ఉదాహరణ చెబుతాను. పరీక్షలో ఒక లెక్క మింగుడు పడకపోతే అది ‘డిఫికల్ట్’ లెక్క అవుతుంది. తెలివైన పిల్లవాడు రెండు నిమిషాల్లో చేసి పారేసినా, మిగతావాళ్ళకు అది డిఫికల్టే. అదే 300 పేజీల పాత దస్తావేజును తప్పు లేకుండా చేత్తో తిరగరాయమంటే, అందులో అర్థం కానిది ఏమీ లేకపోయినా, తెలివితేటలతో పని పడకపోయినా, అది నూటికి నూరుపాళ్ళూ ‘ఆర్డ్యువస్’ పని. ఈ లెక్కన రెండు మాటలూ ఒకదానిలో ఒకటి ఇమడవు. అర్థం కాని పద్యం డిఫికల్ట్ కావచ్చు కానీ ఆర్డ్యువస్ కాదు, తెలిసిన దారిలో 40 కిలోమీటర్ల నడక ఆర్డ్యువస్ కావచ్చు కానీ డిఫికల్ట్ కానక్కరలేదు.

ఇంకొక తేడా కూడా ఉంది. మాట వినని మనిషిని ‘డిఫికల్ట్ పర్సన్’ అంటారు, మన కొరకరాని కొయ్య వంటివాడన్న మాట. నేటి ఇంగ్లీషులో ఎవరినీ ‘ఆర్డ్యువస్ పర్సన్’ అనరు. ఆ విశేషణం ప్రయాణం, పని, ఎక్కడం, శిక్షణ, ప్రక్రియ వంటి సాగే వ్యవహారాల పక్కనే కూర్చుంటుంది. మీ ఐదు సందర్భాల్లో ఐదూ అటువంటివే కనుక, మీ పెద్దాయన మాటను గురి చూసి వాడారనే అనుకోవాలి.

సంక్షిప్తం:

ఇంత తర్కం అవసరమా అని నాకు అనిపిస్తోంది. తెలుగులో ‘కష్టం’ అంటేనే శ్రమ. కష్టపడి పనిచేశాడంటాము, కష్టజీవి అంటాము, కష్టార్జితం అంటాము. ఇంగ్లీషువాడు రెండు మాటల్లో చెప్పుకున్నది మనకు ఒక్క మాటలోనే ఉంది. ‘కష్టమైన’ అనే ఉంచండి, బంధువులకు హాయిగా అర్థమవుతుంది.

నిఘంటుప్రియ:

సంక్షిప్తం గారి వాదన తేలికగా తోసిపుచ్చదగ్గది కాదు. ‘కష్టం’ అనే నామవాచకంలో శ్రమ ఉన్న మాట నిజం. అయితే దానికి ‘అయిన’ తగిలించి విశేషణం చేసేసరికి ఆ శ్రమ ఎక్కడికో జారిపోతుంది. ‘కష్టపడి చేసిన లెక్క’ అంటే చేసినవాడి చెమట కనిపిస్తుంది. ‘కష్టమైన లెక్క’ అంటే ఆ లెక్క స్వభావం తప్ప మరేమీ కనిపించదు. ‘కష్టమైన’ అన్న రూపం ‘డిఫికల్ట్’కు అచ్చంగా సరిపోతుంది, ‘ఆర్డ్యువస్’ మాత్రం ‘కష్టపడి’ అన్న రూపానికి దగ్గరగా ఉంది.

దీనికి కారణం మన భాష కట్టుబడిలోనే ఉందని నా అభిప్రాయం. మంచి, చెడ్డ, పెద్ద, చిన్న, కొత్త, పాత వంటి కొద్దిపాటి మాటలను వదిలేస్తే, తెలుగులో పుట్టు విశేషణాలు తక్కువ. మిగతావాటిని నామవాచకం మీద ‘అయిన’ చేర్చి తయారుచేసుకుంటాము. ఇంగ్లీషు విశేషణం కనబడగానే మనం కూడా విశేషణమే వెతకాలన్న నియమం ఏమీ లేదు. క్రియలోనో, క్రియ ముందు వచ్చే మాటలోనో ఆ అర్థాన్ని పెడితే వాక్యం తెలుగులా నడుస్తుంది.

తాటాకు:

ఆ మాట పుట్టుక కూడా చూడండి, ఎందుకంటే అర్థంలోని రంగు అక్కడినుంచే వచ్చింది. లాటిన్‌లో ‘అర్దుఉస్’ అంటే ఎత్తైనది, నిట్టనిలువుగా ఉన్నది అని అర్థం. ఏటవాలు కొండను ఎక్కాలంటే ఎంత శ్రమో అందరికీ తెలుసు కనుక, లాటిన్‌వాళ్ళే దానిని కష్టసాధ్యమైన పనికీ వాడుకున్నారు. ఐర్లండు భాషలో ఎత్తు అని అర్థమిచ్చే ‘ఆర్డ్’ కూడా ఈ కుదురులోనిదే. ఆ దేశంలోని ఆర్డ్‌మోర్ అనే ఊరిపేరుకు పెద్ద ఎత్తు అని అర్థం. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఇంగ్లీషులోకి ఈ మాట 16వ శతాబ్దంలో వచ్చినప్పుడు ముందుగా ‘కష్టసాధ్యం’ అన్న ఆలంకారిక అర్థంతోనే వచ్చింది. ‘ఎక్కడానికి నిటారుగా ఉన్నది’ అన్న మూలార్థం ఇంగ్లీషు రాతల్లో కనిపించడం 18వ శతాబ్దపు తొలి సంవత్సరాల మాట. తండ్రికంటే కొడుకు ముందు ఊళ్ళోకి వచ్చినట్టయింది.

మన సంస్కృతపు మాటల్లో దీనికి ఎదురు నడక నడిచిన మాట ఒకటి ఉంది. ‘దుర్గం’ అంటే వెళ్ళడానికి కష్టమైనది అని వ్యుత్పత్తి. వెళ్ళడానికి కష్టమైన చోటు కొండకోట కనుక, రాయదుర్గం, కళ్యాణదుర్గం అని ఊళ్ళకు పేర్లయింది. లాటిన్ మాట కొండ దగ్గర మొదలై కష్టం దగ్గర ఆగితే, మన మాట కష్టం దగ్గర మొదలై కొండ మీద ఆగింది.

‘దుస్’ అన్న ఉపసర్గతో ఏర్పడే ఈ కుటుంబమంతా గమనించదగ్గది. చేయడానికి కష్టమైతే దుష్కరం, పొందడానికి కష్టమైతే దుర్లభం, మోయడానికి కష్టమైతే దుర్భరం, ఓర్చుకోవడానికి కష్టమైతే దుస్సహం, పగలగొట్టడానికి కష్టమైతే దుర్భేద్యం, లోపలికి దిగి అర్థం చేసుకోవడానికి కష్టమైతే దురవగాహం. ఏ పని దగ్గర కష్టం ఎదురైందో మాటలోనే ఉంటుంది. ఇంగ్లీషు ‘డిఫికల్ట్’ వెనక ఉన్న లాటిన్ మాట కూడా సరిగ్గా దుష్కరం వంటిదే. అందులోనూ ‘కాదు’ అన్న అర్థమిచ్చే ముందుమాట, ‘చేయడం’ అన్న ధాతువు ఉన్నాయి. వీటికి ఎదురుమాటలు కూడా మనకు ఉన్నాయి. వాటిలో ‘సులభం’ అన్నది మొదట సులువుగా దొరికేది మాత్రమే, తరువాత తేలికైన ప్రతిదానికీ పాకింది. దాని జంట ‘దుర్లభం’ మాత్రం ఈనాటికీ దొరకడం దగ్గరే కదలకుండా కూర్చుంది. భాషలో న్యాయం ఇలాగే ఉంటుంది.

గోదారి గట్టు:

తాటాకు గారు ఎత్తు అనగానే నాకు ‘ఊర్ధ్వ’ గుర్తుకు వచ్చింది. అది కూడా ఈ కుదురుదేనా? పనిలో పనిగా ఇంకొకటి అడుగుతాను, నవ్వకండి. ‘ఆర్డ్యు’, ‘అరుదు’ ఈ రెండూ వినడానికి ఇంత దగ్గరగా ఉన్నాయి కదా, వీటికి ఏమైనా చుట్టరికం ఉందా?

తాటాకు:

‘ఊర్ధ్వ’ను దీనితో ముడిపెట్టిన పండితులు ఉన్నారు. అర్థం చక్కగా కలుస్తుంది కానీ, మొదట్లోని దీర్ఘ ఊకారం ధ్వని సూత్రాలకు సులువుగా లొంగకపోవడం వల్ల అందరూ ఒప్పుకోలేదు. కనుక దానిని తేలిన విషయంగా చెప్పకూడదు.

‘అరుదు’ సంగతి వేరు. చుట్టరికం ఎంతమాత్రం లేదు, అది కేవలం చెవికి దొరికిన పోలిక. అయినా మీ ప్రశ్న ఊరికే పోలేదు. అరుదు అచ్చమైన ద్రావిడపు మాట. పాత కావ్యాల్లో దీనికి తోబుట్టువైన ‘అరిది’ అనే మాట కనిపిస్తుంది. అపురూపమైనది, దుర్లభమైనది, ఆశ్చర్యం కలిగించేది అన్న అర్థాలు దానికి ఉన్నాయి. తమిళంలో ‘అరిదు’కు ఈనాటికీ అరుదైనది, కష్టమైనది అన్న రెండు అర్థాలూ ఉన్నాయి. అంటే కష్టాన్ని చెప్పగల సొంత మాట ఒకటి మన ఇంట్లోనే ఉండేది. ‘కష్టం’, ‘కఠినం’ వచ్చి ఆ చోటు తీసుకున్నాక, అరుదు పక్కకు జరిగి, ఎప్పుడో గానీ కనబడనిదాన్ని చెప్పడానికి మిగిలింది.

జీఆర్‌ఈ పంతులు:

హైదరాబాదులో విదేశీ చదువులకు వెళ్ళే పిల్లలకు నేను ఇంగ్లీషు పాఠం చెబుతాను. ‘ఆర్డ్యువస్’ మా పదాల జాబితాల్లో తప్పనిసరిగా ఉంటుంది. పిల్లలు దాని పక్కన ‘డిఫికల్ట్’ అని ఒక్క మాట రాసుకుని బట్టీ పట్టి, విదేశీ విశ్వవిద్యాలయాల్లో చేరడానికి రాసే జీఆర్‌ఈ పరీక్షలో దెబ్బతింటారు. 2011 ఆగస్టులో ఆ పరీక్ష పద్ధతి మారి, వ్యతిరేక పదాల ప్రశ్నలు పోయాయి. ఆరు మాటల్లోనుంచి, వాక్యానికి ఒకే అర్థాన్ని ఇచ్చే రెండింటిని ఎంచుకునే ప్రశ్నలు వచ్చాయి. అప్పటినుంచి దగ్గరి మాటల మధ్య తేడా తెలియకపోతే లాభం లేకుండా పోయింది.

నేను తరగతిలో చెప్పే పద్ధతి ఇది. ‘డాంటింగ్’ అంటే పని మొదలు పెట్టకముందే చూడగానే గుండె జారిపోయేది. ‘ఆర్డ్యువస్’ అంటే మొదలు పెట్టాక నడుస్తున్నకొద్దీ తెలిసి వచ్చేది. ఒకటి కొండ కింద నిలబడి పైకి చూసినవాడి మాట, రెండవది సగం కొండ ఎక్కినవాడి మాట. ‘స్ట్రెన్యువస్’లో శరీర శ్రమ ముందుంటుంది, అందుకే వైద్యులు గుండె రోగులను అటువంటి వ్యాయామం చేయవద్దని చెప్పేటప్పుడు ఆ మాటే వాడతారు. దానికి పట్టుదల, తీవ్రత అన్న అర్థం కూడా ఉంది కనుక, గట్టిగా అభ్యంతరం చెప్పడాన్ని ‘స్ట్రెన్యువస్’ అనవచ్చు, ‘ఆర్డ్యువస్’ అనకూడదు. ‘ఆనరస్’ లాటిన్‌లో బరువు అన్న మాటనుంచి వచ్చింది. ఒప్పంద పత్రాల్లోని షరతులకు, బాధ్యతలకు అది నప్పుతుంది, తెలుగులో ‘భారమైన’ అంటే సరిపోతుంది. ‘లెబోరియస్’లో విసుగు పాలు ఎక్కువ, చాకిరీ వాసన వేస్తుంది. ‘గ్రూయెలింగ్’ వెనక ఉన్నది మన గంజి. ఇంగ్లీషులో గంజిని ‘గ్రూయెల్’ అంటారు, ‘వాడి గంజి వాడికి దక్కింది’ అంటే శిక్ష పడిందని వెనకటి యాసలో అర్థం, అక్కడినుంచి మనిషిని పిప్పి చేసి వదిలే పని అన్న అర్థం వచ్చింది. ఈ కథ చెప్పాక ఆ మాటను మరిచిపోయిన విద్యార్థి నాకు ఇంతవరకు తగలలేదు.

ఇక తప్పుల సంగతి. ‘ఆర్డెంట్’ అన్న మాటను దీనితో కలిపేయడం మా పిల్లల్లో సర్వసాధారణం. అది మండడం అన్న లాటిన్ క్రియనుంచి వచ్చిన వేరే మాట. సినిమా కథానాయకుడికి ‘ఆర్డెంట్ ఫ్యాన్’ అయినవాడు కటౌటుకు పాలాభిషేకం చేయవచ్చు, అందులో ‘ఆర్డ్యువస్’ ఏమీ లేదు, కటౌటు ఎక్కినప్పుడు తప్ప.

రెండో తప్పు వ్యాకరణానిది. ‘నాకు రావడం కష్టం’ అన్న తెలుగు వాక్యాన్ని మనసులో పెట్టుకుని ‘అయామ్ డిఫికల్ట్ టు కమ్’ అని రాసేవాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మనకు కష్టం ‘నాకు’ కలుగుతుంది, ఇంగ్లీషులో అది పనికి అంటుకుని ఉంటుంది. అలాగే ‘ఈ పుస్తకం చదవడానికి కష్టం’ అన్నట్టు ‘డిఫికల్ట్ టు రీడ్’ అనవచ్చు కానీ, ‘ఆర్డ్యువస్ టు రీడ్’ అన్నది సహజంగా ఉండదు. ‘ఆర్డ్యువస్’కు నామవాచకం ముందు నిలబడటమే ఎక్కువ ఇష్టం.

డల్లాస్ నుంచి:

ఇక్కడ 20 ఏళ్ళుగా ఉంటున్నాను. మాటల్లో ఈ పదాన్ని విన్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆఫీసులో అందరూ ‘హార్డ్’ అంటారు, ‘టఫ్’ అంటారు. ‘ఆర్డ్యువస్’ అన్నది రాతలో, ఉపన్యాసంలో, పత్రికలో కనిపించే మాట. కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక సమావేశంలో నేను దానిని వాడితే, పక్కనున్న సహోద్యోగి చిరునవ్వు నవ్వి, ‘మంచి మాట’ అన్నాడు. మెచ్చుకున్నాడని ఆ రోజు అనుకున్నాను. ఇంకొక విషయం, నేను దానిని రాసినట్టే ‘ఆర్డ్యు’ అని పలికాను. ఇక్కడివాళ్ళు డకారాన్ని యకారాన్ని కలిపి ‘ఆర్జువస్’ అంటారు. గ్రాడ్యుయేట్‌ను ‘గ్రాజుయేట్’ అనడం కూడా ఇటువంటిదే. బ్రిటన్‌లో ఆ రకారం కూడా వినిపించదు.

ఆ సహోద్యోగి చిరునవ్వును గుర్తుపెట్టుకునే ఈ మాట చెబుతున్నాను. మూలంలోని మాట కొంచెం ఇస్త్రీ చొక్కా వేసుకున్న మాట. తెలుగులో దానికి మరీ లుంగీ కట్టించకూడదు.

అలిపిరి:

కొండ ఎక్కడం గురించి మాట్లాడే హక్కు నాకు ఉందనుకుంటాను. మా ఇంటినుంచి తిరుమలకు కాలినడక దారి దగ్గరే. అలిపిరినుంచి వెళితే 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో వెళితే 2,388 మెట్లు. రెండవ దారిలో మెట్లు తక్కువ, దూరం ఇంకా తక్కువ, అందువల్ల నిలువు ఎక్కువ. లాటిన్‌వాడి అర్థంలో అదే అసలైన ‘ఆర్డ్యువస్’. అలిపిరి దారిలో చివరకు వచ్చే మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్లు నిటారుగా లేస్తాయి. అక్కడ మోకాళ్ళ మీద ఎక్కే భక్తులను నేను చిన్నప్పటినుంచి చూస్తున్నాను.

అక్కడ ఎక్కేవాళ్ళను చూసి ఎవరూ ‘కష్టమైన ఆరోహణ’ అనరు. ‘పాపం, ఆపసోపాలు పడుతూ ఎక్కుతున్నారు’ అంటారు. ఆయాసం, ఆగడం, మళ్ళీ కదలడం అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. చిత్తుప్రతి గారు రెండవ సందర్భానికి దీనిని వాడుకోవాలని నా మనవి.

చిత్తుప్రతి:

అందరికీ కృతజ్ఞతలు. నిఘంటుప్రియ గారు చెప్పినట్టు విశేషణాన్ని వదిలిపెట్టి, అర్థాన్ని క్రియ దగ్గరకు జరిపి చూశాను. ప్రయాణానికి ‘ఎంతో ప్రయాసపడి రెండు రోజులకు చేరుకున్నాము’ అని రాశాను. మొదట ‘వ్యయప్రయాసలకోర్చి’ అనుకున్నాను కానీ, ఖర్చు ప్రభుత్వానిదే కనుక వ్యయాన్ని తీసేశాను. కొండకు అలిపిరి గారి ‘ఆపసోపాలు’ తీసుకున్నాను. లాంతరు ముందు లెక్కలకు ‘కళ్ళు కాయలు కాచేలా’ అని రాయబోయి, అది ఎదురుచూపులకు చెందిన మాటని గుర్తుకు వచ్చి ఆగిపోయాను. ‘ఓపికగా, ఒక్కొక్క అంకె చొప్పున సరిచూసే శ్రమ’ అని ప్రస్తుతానికి పెట్టాను. పింఛనుకు మాత్రం ఆలోచించవలసిన పనే లేకపోయింది, ‘చెప్పులరిగేలా తిరిగితే గానీ మంజూరు కాలేదు’ అని కలం దానంతట అదే రాసేసింది. ఐదవది, ‘ఆర్డ్యువస్ ఇయర్స్’, అక్కడే ఉండిపోయింది.

డల్లాస్ నుంచి:

‘చెప్పులరిగేలా’ దగ్గరే నా అభ్యంతరం. ఆయన వచనం పొడిగా ఉంటుందని మీరే అన్నారు. కోపాన్ని కూడా ఫైలు భాషలో చెప్పే మనిషి ‘ఆర్డ్యువస్ ప్రాసెస్’ అన్నప్పుడు, ఆ మాటలో బిగపట్టిన ఊపిరి ఉంటుంది. ‘చెప్పులరిగేలా’ అనగానే ఆ ఊపిరి వదిలేసినట్టవుతుంది. ఆయన చెప్పకూడదనుకున్నదాన్ని మీరు చెప్పేస్తున్నారు.

నిఘంటుప్రియ:

ఇందులో నేను డల్లాస్ గారి పక్షమే. ‘సుదీర్ఘమైన ప్రయాస తరువాత మంజూరైంది’ అంటే కొలత సరిపోతుంది.

గోదారి గట్టు:

ఐదవదాని గురించి నాకు తోచినది చెబుతాను. లాటిన్‌వాళ్ళకు కష్టమంటే కొండ ఎక్కడం. మనకు కష్టం చాలావరకు నీళ్ళలో ఉంటుంది. ఒక్కరే పిల్లలను పెంచుకొచ్చిన ఆవిడను ‘సంసారాన్ని ఒంటిచేత్తో ఈదుకొచ్చింది’ అంటాము. వీలుకాని పని ఏటికి ఎదురీత. ఆపద తప్పితే గట్టెక్కామంటాము, తప్పకపోతే నిండా మునిగామంటాము. కొండ మాటలు మనకు లేకపోలేదు కానీ అవి వేరే దారి పట్టాయి. ధరలు కొండెక్కాయంటే అందకుండా పోయాయని, దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని. ఎక్కడంలో మనం చూసింది శ్రమ కాదు, చేజారిపోవడం. గోదావరి ఒడ్డున పుట్టినవాడిని కనుక నాకు ఇలా అనిపిస్తోందేమో, మెట్ట ప్రాంతాలవారు నన్ను సరిదిద్దవచ్చు.

తాటాకు:

సరిదిద్దవలసినది ఏమీ లేదు. సంస్కృతం కూడా మీవైపే ఉంది. నేను పైన ఇచ్చిన ‘దుస్’ జాబితాలో ‘దుస్తరం’ మరిచిపోయాను. దాటడానికి, ఈదడానికి కష్టమైనది అని దాని అర్థం, ‘తరించడం’లో ఉన్న ధాతువే ఇందులోనూ ఉంది. ‘దుస్తరమైన ఆ సంవత్సరాలు’ అంటే ఐదవ సందర్భానికి అర్థం, గాంభీర్యం రెండూ కుదురుతాయి.

సంక్షిప్తం:

కుదురుతాయి, కానీ చదవబోయేది ఇంగ్లీషు రాని బంధువులన్న సంగతి మరిచిపోయారు. కావ్యాలకు ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడు చెప్పారు పెద్దలు. మొదటిది నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది, రెండవదానికి తొక్క ఒలవాలి, మూడవదానికి కొబ్బరికాయ కొట్టాలి. భార్య గురించి చెప్పే ఒక్క వాక్యంలో కొబ్బరికాయ ఎందుకు? నేను మొదట్లో ‘కష్టమైన’ చాలునన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గోదారి గట్టు గారి ‘ఈదుకొచ్చింది’కి నా ఓటు.

చిత్తుప్రతి:

పది రోజుల తరువాత రాస్తున్నాను. పెద్దాయనకు ఈ ఐదు వాక్యాలనూ ఫోనులో చదివి వినిపించాను.

ప్రయాణం వాక్యానికి ఊఁ కొట్టారు. లెక్కల వాక్యం విని, ‘అంకె చొప్పున కాదమ్మా, వరుస చొప్పున’ అని పని తెలిసినవాడిలా దిద్దారు. పింఛను వాక్యానికి ‘సుదీర్ఘమైన ప్రయాస’ అన్నది చదివితే, కాసేపు ఆగి, ‘అంతే, అంతకంటే వద్దు’ అన్నారు. డల్లాస్ గారి అంచనా అక్షరాలా నిజమైంది. భార్య గురించిన వాక్యంలో ‘ఆ ఏళ్ళన్నీ ఆవిడ ఒంటిచేత్తో ఈదుకొచ్చింది’ అని వినగానే ఇంగ్లీషులో తాను ఏమి రాశారో మళ్ళీ చదవమన్నారు. చదివాను. తెలుగుదే ఉంచమన్నారు.

చిక్కు కొండ దగ్గర వచ్చింది. ‘థియొడొలైట్ పెట్టెతో సహా ఆపసోపాలు పడుతూ కొండ ఎక్కాము’ అని నేను చదివితే, ఆయన వెంటనే అడ్డుకున్నారు. ‘ఆపసోపాలు పడింది నేను కాదు. పెట్టె మోసింది ఇద్దరు కొండవాళ్ళు. నేను చేతికర్రతో వెనక నడిచాను’ అన్నారు. మరి ఇంగ్లీషులో ‘ఆర్డ్యువస్ క్లైంబ్’ అని రాశారు కదా అని అడిగితే, ‘అవును, ఎక్కడం అటువంటిదే, ఎవరు ఎక్కారన్నది అక్కడ రాయలేదు’ అన్నారు.

నాకు అప్పుడు తెలిసింది ఏమిటంటే, ఇంగ్లీషు విశేషణం కష్టాన్ని కొండకు అంటించి, దానిని పడ్డవాళ్ళను వాక్యంలోకి రానివ్వకుండా నడిచిపోయింది. తెలుగులో ఆపసోపాలు పడాలంటే ఎవరో ఒకరు పడాలి, కర్త లేనిదే ఆ మాట నిలబడదు. అందువల్ల ఆ వాక్యాన్ని పూర్తిగా మార్చవలసి వచ్చింది. ఆ ఇద్దరి పేర్లు గుర్తున్నాయా అని అడిగాను. ఒకరి పేరు వెంటనే చెప్పారు, రెండవది గుర్తుకు రాగానే ఫోను చేస్తానన్నారు. ఫోను వచ్చేవరకు ఆ వాక్యంలో రెండవ పేరు చోట ఖాళీ వదిలాను.

అలిపిరి:

ఖాళీ వదిలి మంచి పని చేశారు. పేరు వచ్చాక ఆ వాక్యాన్ని ఇక్కడ పెట్టండి.